శ్రీగంధపు నూనె: రాజుగారి చెట్టు రైతు చెట్టయిన కథ



మన ఇళ్లలో పెళ్లి జరిగినా, పేరంటం జరిగినా గంధం లేనిదే జరగదు. సాన మీద నాలుగు నీటిచుక్కలు వేసి, గంధపు చెక్కను అరగదీసి, ఆ గంధాన్ని వచ్చిన ముత్తయిదువుల మెడకు పూస్తాము. సింహాచలంలో వరాహ నరసింహస్వామి ఏడాది పొడుగునా ఈ గంధపు పూతలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్కరోజు మాత్రం ఆ పూత తీసి నిజరూప దర్శనం చేయిస్తారు. ఇంతగా మన ఇంటిలోను, గుడిలోను కలిసిపోయిన వస్తువు మరొకటి అరుదు.

అటువంటి గంధపు మొక్క తన పొలం గట్టున తనంతట తాను మొలిస్తే, రైతు దాన్ని గుర్తుపట్టి, ఎవరూ చూడకుండా పీకి పారవేసిన రోజులున్నాయి. ఇది మన పొరుగున ఉన్న మైసూరు సీమలో జరిగిన సంగతి. లక్ష్మి నడిచి గట్టు మీదికి వస్తే ఎవరైనా వెళ్లగొడతారా? వెళ్లగొట్టారు. అలా ఎందుకు చేశారో తెలుసుకుంటే, ఈనాడు శ్రీగంధం నాటుదామని ఆలోచిస్తున్న మీకు ఎంతో ఉపయోగం. అందుకే ఆ కథ ఇప్పుడు చెప్పుకుందాం.

ముందు ఒక పొరపాటు సరిదిద్దుకోవాలి. శ్రీగంధం వేరు, ఎర్రచందనం వేరు. శేషాచలం కొండల్లో, కడప, చిత్తూరు, నెల్లూరు అడవుల్లో పెరిగే ఎర్రచందనంలో రంగు ఉన్నది గాని సువాసన నూనె లేదు. శ్రీగంధం వేరే జాతి చెట్టు. ఇది మైసూరు పీఠభూమిలోను, తమిళనాడు కొండల్లోను ఎక్కువ. మన చిత్తూరు, అనంతపురం వైపు కూడా కొంత సహజంగా కనిపిస్తుంది. ఈ రెండింటి పేర్లూ కలిపి మాట్లాడటం వల్ల మొక్కలు కొనేచోట మోసపోయినవారున్నారు.

శ్రీగంధపు నూనె ఆకులో ఉండదు, పువ్వులో ఉండదు, బెరడులో ఉండదు. చెట్టు పైచెక్క తెల్లగా ఉంటుంది. దానికి వాసన లేదు. లోపల పసుపుపచ్చగా, కొంచెం గోధుమ వన్నెగా ఉండే చేవలోనే నూనె ఉన్నది. అన్నింటికన్న ఎక్కువ వేరులో ఉన్నది. అందుకే ఈ చెట్టును మొదలంట నరకరు, వేళ్లతో సహా పెకలిస్తారు. చేవ పట్టడానికి సాధారణంగా పదేళ్లయినా పడుతుంది. చిన్న చెట్టులో చేవ కొంచెమే, ఆ కొంచెం చేవలోనూ నూనె తక్కువే. పదేళ్ల చెట్టయితే నూరు కిలోల చేవకు రెండు కిలోల నూనె వచ్చినా గొప్పే. ముప్పయ్యేళ్లు దాటిన ముదురు చెట్టయితే, చెట్టును బట్టి రెండు నుంచి ఆరు కిలోల దాకా రావచ్చును. చేవను ముక్కలు చేసి, పొడి కొట్టి, బట్టీలో వేసి ఆవిరి పంపుతారు. గడ్డినూనెల మాదిరిగా రెండు మూడు గంటల్లో అయ్యే పని కాదిది. రెండు మూడు రోజులు రాత్రింబవళ్లు ఆవిరి పట్టాలి. ఆ నూనెలో అధిక భాగం సాంటలాల్ అనే పదార్థం. సువాసన అంతా దానిదే.

ఈ చెట్టు స్వభావం కూడా వింత. మామిడి కొమ్మ మీద బదనికను మీరు చూచే ఉంటారు. పొగాకు వేసేవారికి పొగాకు మల్లె సంగతి చెప్పనక్కరలేదు. శ్రీగంధం కూడా ఒక విధంగా ఆ కోవలోదే. అయితే దీనికి పచ్చని ఆకులున్నాయి కాబట్టి తన ఆహారం తాను వండుకుంటుంది. నీటికి, లవణాలకు మాత్రం పక్కచెట్టు వేళ్లను తన వేళ్లతో పట్టుకొని పీలుస్తుంది. జలగ పట్టినట్లు చిన్న చిన్న ముడులు వేసి పట్టుకుంటుంది. జాన్ స్కాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1871లో ఈ సంగతి బయటపెట్టాడు. తరువాత మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు సి. ఎ. బార్బర్ 1906, 1907 సంవత్సరాల్లో ఆ వేరుముడులను వివరంగా పరిశోధించాడు. కోయంబత్తూరులో చెరకు వంగడాలకు పునాది వేసిన బార్బర్ ఈయనే. ఈ సంగతి మనసులో పెట్టుకోండి. తోడు చెట్టు లేకుండా శ్రీగంధాన్ని ఒంటరిగా నాటితే ఏమవుతుందో ముందు ముందు చెప్పుకుందాం.

ఇక చరిత్రలోకి వద్దాం. చందనం వ్యాపారం చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే, రాజు ఖజానాకు చేరవలసిన విలువైన వస్తువుల మధ్య చందనపు రకాల ప్రస్తావన ఉన్నది. విలువైన వస్తువు మీద రాజు కన్ను పడకుండా ఉండదు కదా. మైసూరును టిప్పు సుల్తాను ఏలుతున్న రోజుల్లో, 1792లో, శ్రీగంధాన్ని రాజవృక్షంగా ప్రకటించాడు. అదే ఏడు శ్రీరంగపట్టణం సంధి జరిగింది. టిప్పు తన రాజ్యంలో సగం వదులుకున్నాడు. మన కడప సీమ నిజాముకు పోయినది ఆ సంధితోనే. మూడు కోట్ల ముప్పయి లక్షల రూపాయల నష్టపరిహారం కూడా అతని నెత్తిన పడింది.

రాజవృక్షం అంటే ఏమిటి? చెట్టు ఎక్కడ మొలిచినా రాజుగారిదే. అడవిలో ఉన్నా, బంజరులో ఉన్నా, రైతు పట్టాభూమిలో ఉన్నా రాజుగారిదే. 1799లో టిప్పు పోయాడు. రాజ్యం ఒడయారుల పేరు మీదికి వచ్చింది. 1831లో పరిపాలన ఆంగ్లేయుల చేతికి పోయి, 1881లో మళ్లీ ఒడయారులకు వచ్చింది. పైన పెత్తనం ఇన్ని చేతులు మారినా గంధపు చెట్టు మీద సర్కారు హక్కు చెక్కు చెదరలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఆ చట్టం ఎంతోకాలం అట్లాగే నిలిచింది.

రైతు వైపునుంచి ఆలోచించండి. భూమి తనది. శిస్తు తాను కడుతున్నాడు. గట్టున పిట్ట వేసిన గింజ మొలిచి గంధపు మొక్క అయింది. అది పెరిగితే తన పైరు నీడలో పడుతుంది, తన చెట్ల వేళ్లను పీలుస్తుంది. పెరిగిన తరువాత తాను నరకరాదు, అమ్మరాదు. ఎవడైనా రాత్రిపూట కొట్టుకుపోతే మాత్రం జవాబు చెప్పవలసినది తానే. తరువాతి కాలంలో చెట్టు విలువలో కొంత భాగం భూమిగల రైతుకు ఇచ్చే ఏర్పాట్లు వచ్చాయి. కాని ఆ డబ్బు చేతికి రావడానికి పట్టే కాలం, తిరగవలసిన కచేరీలు, పడవలసిన భయం, ఇవన్నీ తలచుకున్న రైతుకు ఒకే ఉపాయం తోచేది. మొక్క జానెడున్నప్పుడే పీకి పారవెయ్యడం. అది తప్పు అని పైనుంచి అనడం తేలిక. ఆ రైతు స్థానంలో మీరున్నా, నేనున్నా ఏమి చేసేవాళ్లమో చెప్పండి.

అయితే సర్కారు చేసినదంతా చెడ్డ అని కూడా అనరాదు. అడవుల్లోని చెట్లను లెక్కపెట్టించారు. ముదిరిన చెట్లనే తీయించారు. కొట్టుకు చేర్చిన చెక్కను పదునెనిమిది తరగతులుగా విభజించి వేలం వేసేవారు. వేరు ఒక తరగతి, మొద్దు ఒక తరగతి, కొమ్మ ఒక తరగతి. చెక్కుపేళ్లకు, రంపపు పొట్టుకు సైతం తరగతి, ధర ఉండేవి. పొట్టు కూడా పారవేయని పొదుపు అది. సర్కారు అదుపు లేకపోతే వర్తకులు ఆ అడవులను ఎప్పుడో తుడిచిపెట్టి ఉండేవారని వాదించేవారున్నారు. ఆ మాటలోనూ కొంత నిజం ఉన్నది.

మరి ఆ చెక్క ఎక్కడికి పోయేది? చాలా భాగం సముద్రం దాటి జర్మనీకి పోయేది. నూనె తీయడం అక్కడ, లాభం అక్కడ. మనకు దక్కినది చెక్క వెల మాత్రమే. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. జర్మనీ శత్రుదేశమైంది. ఓడలు ఆగాయి. మైసూరు కొట్లలో గంధపు చెక్క గుట్టలుగా పడి ఉండిపోయింది. వత్తి లేక పత్తి, గానుగ లేక నువ్వులు నిలవపడితే మనకెట్లా ఉంటుందో మైసూరు ప్రభుత్వానికి అప్పుడట్లా ఉన్నది.

అప్పుడు మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయారు. దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఈయన ఇంటిపేరులోని మోక్షగుండం మన తెలుగు నేల మీది ఊరే. వారి పూర్వులు అక్కడినుంచి మైసూరు సీమకు పోయినవారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు, మళ్లీ అట్లా జరగకుండా పథకం వేసి ఇచ్చినదీ ఈయనే. చెక్క అమ్ముడుపోవడం లేదని చేతులు ముడుచుకొని కూర్చోకుండా, నూనె మనమే తీద్దామని మైసూరు ప్రభుత్వం పూనుకున్నది. పరిశ్రమల శాఖాధికారి ఆల్ఫ్రెడ్ ఛాటర్‌టన్ పని చేపట్టాడు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సడ్‌బరో, వాట్సన్ అనే ఆచార్యులు నూనె తీసే పద్ధతిని ప్రయోగాలు చేసి కుదిర్చారు. 1916లో బెంగుళూరులో నూనె కర్మాగారం వెలిసింది. మరుసటి ఏడు మైసూరులో రెండవది వచ్చింది. 1918లో ఆ నూనెతో సబ్బు తయారైంది. రసాయన శాస్త్రజ్ఞుడు ఎస్. జి. శాస్త్రి దానికి వాసన కూర్చాడు. మైసూరు శాండల్ సబ్బు అంటే మీకందరికీ తెలిసినదే. దాని పుట్టుక అది.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించండి. పచ్చి సరుకు అమ్ముకున్నంతకాలం మైసూరుకు దక్కినది కొంత. నూనె తీసి అమ్మినప్పుడు దక్కినది ఇంకొంత. సబ్బు చేసి అమ్మినప్పుడు దక్కినది మరికొంత. పసుపు పండించేవారికీ, మిరప పండించేవారికీ ఇదే వర్తిస్తుంది. అయితే ఈ మూడు మెట్లలో ఏ మెట్టు మీదా చెట్టు మొలిచిన భూమి గల రైతుకు పెద్ద పీట లేదు. కర్మాగారం పెద్దదైంది. రైతు మాత్రం మొక్కను పీకుతూనే ఉన్నాడు.

ఈ నూనె ఉపయోగాలేమిటని మీలో ఒకరు అడగవచ్చును. కాలాన్ని బట్టి అవి కూడా మారాయి. పందొమ్మిదవ శతాబ్దం చివర యూరపులో దీన్ని గొట్టాలలో నింపి గనేరియా జబ్బుకు మందుగా మింగించేవారు. మంచి గిరాకీ ఉండేది. 1930 తరువాత సల్ఫా మందులు, 1940 తరువాత పెనిసిలిన్ వచ్చాయి. వాటి ముందు గంధపు నూనె నిలవలేదు. ఆ గిరాకీ పోయింది. అయినా నూనె విలువ పడిపోలేదు. కారణం, దానికి ఉన్న ఇంకొక గుణం. ఈ నూనె త్వరగా ఎగిరిపోదు. తనతో కలిసిన పూల వాసనను కూడా పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఖరీదైన అత్తరులకు, సెంట్లకు ఇది పునాది వంటిది.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజులో గులాబి అత్తరు తీసే పద్ధతి చూడండి. రాగి డేగిసాలో పూలు, నీళ్లు వేసి కింద మంట పెడతారు. వెదురు గొట్టం గుండా వచ్చే ఆవిరి ఇంకొక రాగిపాత్రలోకి చేరుతుంది. ఆ పాత్రలో ముందే గంధపు నూనె పోసి ఉంటుంది. పూల వాసనంతా ఆ నూనెలో దిగుతుంది. మన శ్రీకాకుళానికి ఎగువన గంజాం జిల్లాలో మొగలిపూల అత్తరు తీసేదీ ఈ పద్ధతిలోనే. గంధపు నూనె ధర ఆకాశానికి అంటిన తరువాత చాలాచోట్ల దాని బదులు లిక్విడ్ పారఫిన్ వంటివి పోయడం మొదలుపెట్టారు. రసాయనశాలల్లో గంధపు వాసనకు దగ్గరి వాసన గల పదార్థాలు కూడా తయారయ్యాయి. సరుకు దొరకకపోతే కొనేవాడు ఊరుకోడు, ఇంకొక దారి వెతుక్కుంటాడు. ఇదీ మనం గుర్తు పెట్టుకోవలసినదే.

వైద్యం విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. గంధం అరగదీసి నుదుట పెట్టుకుంటే చల్లగా ఉంటుంది. అది మన అనుభవం. అంతమాత్రాన గంధపు నూనె అన్ని రోగాలూ కుదురుస్తుందనే ప్రకటనలు నమ్మవద్దు. నూనెను తనంతట తాను ఎవరూ మింగరాదు. చంటిపిల్లలకు పూయరాదు. చర్మానికి రాసుకోవాలంటే కొబ్బరినూనెలో కొద్దిగా కలిపి, ముందు ముంజేతి మీద చిన్న చోట రాసి చూచుకోవాలి. దద్దురు, మంట కనిపిస్తే మానివేయాలి. అంగళ్లలో గంధపు పొడి పేరుతో దొరికే ప్రతిదానిలోనూ శ్రీగంధం ఉంటుందని అనుకోవద్దు.

మళ్లీ చెట్టు సంగతికి వద్దాం. సర్కారు చట్టం మనిషినుంచి చెట్టును కాచింది గాని జబ్బునుంచి కాయలేకపోయింది. 1899లో కొడగు సీమలో ఒక కొత్త తెగులు కనిపించింది. ఆకులు కుంచించుకుపోయి, బిరుసెక్కి, కొమ్మల చివర ముళ్లకుంచెల్లాగా నిలబడేవి. దానికి స్పైకు తెగులు అని పేరు పెట్టారు. తెగులు పట్టిన చెట్టు రెండు మూడేళ్లలో చచ్చేది. కొడగు, మైసూరు అడవుల్లో లక్షల చెట్లు పోయాయి. కారణం తెలియడానికి డెబ్బయ్యేళ్లు పట్టింది. 1969లో, కంటికి కనిపించని మైకోప్లాస్మా వంటి సూక్ష్మజీవులు ఆ చెట్లలో ఉన్నట్లు తేలింది. వాటినే ఇప్పుడు ఫైటోప్లాస్మా అంటున్నారు. పురుగుల ద్వారా ఇది చెట్టునుంచి చెట్టుకు అంటుకుంటుంది. తగిలిన చెట్టును మళ్లీ బాగుచేసే మందు నేటికీ రైతు చేతికి రాలేదు. తీసివేయడమే మార్గం.

తెగులు ఒకవైపు, దొంగలు ఒకవైపు. ధర పెరిగినకొద్దీ దొంగలు పెరిగారు. 1980, 1990 దశకాల్లో కర్ణాటక, తమిళనాడు సరిహద్దు అడవుల్లో వీరప్పన్ ముఠా చేసిన పనులు పత్రికల్లో చదివినవారు మీలో ఉంటారు. అతడు 2004 అక్టోబరులో పోలీసుల చేతిలో చనిపోయాడు. అప్పటికే అడవి చాలావరకు ఖాళీ అయింది. 1930 నుంచి 1950 దశకం దాకా దేశంలో ఏటా దాదాపు 4,000 టన్నుల గంధపు చేవ వచ్చేది. 2007 నాటికి అది 500 టన్నులకు పడిపోయింది. 1998లో శ్రీగంధాన్ని ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘంవారు ముప్పుకు లోనైన జాతుల పట్టికలో చేర్చారు.

అదే సమయంలో సముద్రం అవతల ఏమి జరిగిందో చూడండి. ఆస్ట్రేలియాలో వేరే జాతి గంధపు చెట్టున్నది గాని, దాని నూనె మన శ్రీగంధపు నూనెకు సాటి రాదు. అందుకని 1999నుంచి అక్కడ పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో, కునునుర్రా దగ్గర, ఆర్డ్ నది కాలువల కింద మన జాతి శ్రీగంధాన్నే తోటలుగా నాటడం ప్రారంభించారు. మన మట్టిలో పుట్టిన చెట్టును, తోడు చెట్లతో సహా, నీళ్లు పెట్టి పెంచారు. మన రైతు పీకి పారవేసిన మొక్కను వారు వరసలు తీర్చి నాటుకున్నారు.

చివరకు మన ప్రభుత్వాలకూ సంగతి బోధపడింది. 2001లో కర్ణాటక తన అటవీ చట్టాన్ని సవరించింది. భూమి ఎవరిదో అందులోని గంధపు చెట్టు వారిదే అని ఒప్పుకున్నది. 2002లో తమిళనాడు కూడా ఆ దారినే నడిచింది. 1792నుంచి లెక్క వేస్తే రెండు వందల తొమ్మిదేళ్లకు రాజుగారి చెట్టు రైతు చెట్టయింది. ఆ తరువాతనే రైతులు ధైర్యం చేసి నాటడం మొదలుపెట్టారు. మన తెలుగు నేల మీద కూడా తోటలు వెలిశాయి.

చరిత్ర ఇంతవరకు. ఇక మీ పొలం సంగతి. ఈనాడు మొక్కలమ్మేవారు కొందరు కాగితం మీద ఒక లెక్క రాసి చూపిస్తారు. ఎకరానికి ఇన్ని మొక్కలు, చెట్టుకు ఇన్ని కిలోల చేవ, కిలో ఇంత ధర, పన్నెండేళ్లకు ఇన్ని కోట్లు. ఒకనాడు భయం వల్ల రైతు నష్టపోయాడు. ఈనాడు ఆశ వల్ల నష్టపోకూడదు. ఆ లెక్కలో రాయని విషయాలు నాలుగున్నాయి.

మొదటిది, చెట్టు బరువు వేరు, చేవ బరువు వేరు. పన్నెండేళ్ల చెట్టు కంటికి నిండుగా కనిపించవచ్చును. లోపల చేవ వేలి లావున మాత్రమే ఉండవచ్చును. కొన్నిటిలో అసలే పట్టకపోవచ్చును. నీళ్లు, ఎరువు పోసినకొద్దీ చెట్టు లావెక్కుతుంది గాని ఆ మేరకు చేవ పెరుగుతుందని నమ్మకం లేదు.

రెండవది, తోడు చెట్టు. ముందు చెప్పుకున్న వేరుముడుల సంగతి ఇక్కడ పనికివస్తుంది. నారుమడి సంచిలోనే తోడుగా కంది గాని, పొన్నగంటి జాతి మొక్క గాని ఉండాలి. పొలంలో నాటిన మొదటి ఏళ్లలో పక్కన కంది వేయాలి. ఆ తరువాత చాలాకాలం తోడుండటానికి సరుగుడు, కానుగ వంటి చెట్లు మధ్య మధ్య నాటాలి. తోడులేని మొక్క పసుపెక్కి, గిడసబారి, కొన్నాళ్లకు చస్తుంది. కాబట్టి ఎకరమంతా ఒక్క గంధమే అని చెప్పిన లెక్క మొదటి అడుగులోనే తప్పు. నల్లరేగడిలో, నీరు నిలిచే పల్లంలో కూడా ఈ చెట్టు సుఖపడదు. నీరు దిగిపోయే ఎర్ర, గరప నేలలు దీనికి అనుకూలం.

మూడవది, కావలి. చేవ పట్టినదని దొంగకు రైతుకన్న ముందు తెలుస్తుంది. పదేళ్లు పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో పోతుంది. దూరంగా, మనిషి అలికిడి లేనిచోట పెద్ద తోట వేసి కాపలా జీతాలు ఇచ్చుకోవడం చిన్న రైతుకు మించిన పని. ఇంటి చేరువనున్న తోటలో, గట్ల మీద, కంటికి కనిపించే చోట కొద్ది చెట్లు పెంచడం మేలు.

నాలుగవది, అనుమతి. చెట్టు మీదే అయినా మీ ఇష్టం వచ్చినప్పుడు నరికి బండికెత్తుకొని పోవడానికి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీగంధం, ఎర్రచందనం రవాణాకు 1969లోనే ప్రత్యేక నియమాలు చేశారు. పెకలించడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి కావాలి. నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి, మొక్క నాటకముందే మీ అటవీ అధికారి కచేరీకి పోయి ప్రస్తుతం అమలులో ఉన్న నియమాలేవో అడిగి తెలుసుకోండి. నాటిన తరువాత ఎన్ని మొక్కలు నాటినదీ, ఏ సర్వే నంబరులో నాటినదీ రెవెన్యూ అడంగలులో, పహాణీలో నమోదు చేయించుకోండి. ఇరవయ్యేళ్ల తరువాత ఆ చెట్టు మీదని రుజువు చేసేది ఆ ఒక్క రాతే. అప్పుడు మీరుండవచ్చును, మీ కొడుకో కూతురో కూడా ఉండవచ్చును.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. రైతు మిమ్మల్ని శ్రీగంధం గురించి అడిగినప్పుడు కోట్ల లెక్క మీ నోటి మీదుగా రానీయకండి. ఈ చెట్టు మీద ఏటేటా వచ్చే ఆదాయం లేదని మొట్టమొదటనే చెప్పండి. ఏటా తిండి పెట్టే పంట వేరే ఉన్నవారే దీన్ని నాటాలని చెప్పండి. అప్పు తెచ్చి నాటవద్దని గట్టిగా చెప్పండి. మీ మండలంలో పదిహేనేళ్లు దాటిన తోట ఎక్కడన్నా ఉంటే రైతులను అక్కడికి తీసుకుపోయి చూపించండి. చెట్టును చూచినవాడు మోసపోడు.

ఇంతకూ ఈ రెండు వందల ఏళ్ల కథనుంచి మనం నేర్చుకోవలసినది ఒక్కటే. పెంచేవానికి హక్కు లేని చెట్టును ఎంత చట్టమైనా బ్రతికించలేకపోయింది. ఆ హక్కు ఇప్పుడు మనకు వచ్చింది. వచ్చిన హక్కును ఓపికతో, తెలివితో వాడుకోవడం మన వంతు. మీ దొడ్డిలో రెండు గంధపు చెట్లు పెంచండి. పక్కన ఒక కానుగ నాటండి. పిల్లలకు చూపించి, ఇది మనదిరా అని చెప్పండి. వాళ్ల పిల్లల పెళ్లినాటికి సాన మీదికి సొంత చెట్టు గంధం వస్తుంది. మిగిలిన దానికి ఆనాటి అంగడి ధర పలుకుతుంది.